పోటు రాయి జరిగింది

సరుగుడు తోపు దాటి ఒడ్డు వైపు వెళ్ళిన జెనిఫర్‌కి, పోటు రాయి ఉండాల్సిన చోట మోకాలి లోతు గుంత కనబడింది.

గుంత అడుగున నీరు ఊరుతోంది. పక్కన తవ్విపోసిన ఇసుక పూర్తిగా ఆరలేదు. అక్కణ్ణుంచి ట్రాక్టర్ చక్రాల జాడలు తోపులోకి వెళ్ళాయి.

ఆమె చుట్టూ చూసింది. దూరంగా పడవ నీడలో ఇద్దరు వల బాగుచేసుకుంటున్నారు. వాళ్ళు ఇటు చూడలేదు. చూసినా, గుంత దగ్గర నిలబడ్డ ఆడమనిషి తప్ప వాళ్ళకి కనబడేది ఏమీ లేదు.

అది ఊరికే రాయి కాదు. పెద్ద పోటు వచ్చినప్పుడు గవ్వలతిప్ప ఒడ్డున సముద్రం ఎంతవరకూ ఎక్కుతుందో ఆ గీతకి గుర్తుగా సర్వే వాళ్ళు పాతినది. ఆ గీత నుంచి ఊరి వైపు కొంత దూరం దాకా ఎవరూ ఏమీ కట్టకూడదు. ఆ దూరం ముగిసిన చోటుకి కాస్త అవతల మొదలవుతాయి జెనిఫర్ నడిపే ఆరు తాటాకు కాటేజీలు. ఆ 'కాస్త' మీదే ఆమె లైసెన్సు ఆధారపడి ఉంది.

ఈ రోజే తనిఖీ. పాత కాటేజీల లైసెన్సు పొడిగించాలన్నా, వాటి వెనక కొత్త బ్లాకు కట్టుకోనివ్వాలన్నా, ఆఫీసరు వచ్చి ఈ దూరం చూసి సంతకం పెట్టాలి.

చక్రాల జాడ వెంట జెనిఫర్ గబగబా నడిచింది. చెట్ల ఇవతలికి రాగానే ఆగిపోయింది.

రాయి అక్కడ నిలబడి ఉంది. నిటారుగా, చుట్టూ మట్టి దిమ్మిసతో గట్టిగా కొట్టి ఉంది. దొంగ చేసిన పనిలా లేదు. పొలం పని తెలిసినవాళ్ళు తీరిగ్గా చేసిన పనిలా ఉంది.

అక్కణ్ణుంచి కాటేజీల దాకా ఆమె కళ్ళతోనే కొలిచింది. రాయి ఇక్కడుంటే ఆరు కాటేజీలూ కట్టకూడని నేలలోకి వచ్చేస్తాయి. కొత్త బ్లాకు సంగతి తర్వాత, ఉన్నవే పీకెయ్యాలి.

సముద్రం వైపు జరిపి ఉంటే ఎవరో ఆశపడ్డారనుకోవచ్చు. ఇటు జరిపారు.

అంటే ఎవరికో తన కాటేజీలు ఇక్కడ ఉండటం ఇష్టం లేదు.

*

వంటింట్లో ప్రేమమ్మ పీతలు కడుగుతోంది. నాగాయలంక నుంచి తెల్లారకుండానే వచ్చినవి. కోడలి మొహం చూడకుండానే, వచ్చే ఆఫీసరమ్మకి పీతల కూర వండొచ్చా అని అడిగింది.

"పెడితే లంచమంటారు, పెట్టకపోతే మర్యాద తెలీదంటారు. ఏ పాపం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

జెనిఫర్ భర్తని పిలిచింది. శ్యామ్ సుందర్ బందరు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఈ రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, విజయవాడ కంపెనీ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కొత్త బ్లాకుకి పెట్టుబడి పెడతామని ముందుకొచ్చింది ఆ కంపెనీయే. సాయంత్రానికల్లా సంతకం అవుతుందని వాళ్ళకి భరోసా ఇస్తున్నాడు.

రాయి సంగతి విని అతను ఫోన్ పెట్టేశాడు. వెళ్ళి చూసి వచ్చాడు. వస్తూనే పార వెతికాడు.

"ఆవిడ వచ్చేలోపు ఎక్కడిదక్కడ పాతేద్దాం."

"ముట్టుకోవద్దు."

"జెన్నీ, టేపు ఆ రాయి దగ్గర పెట్టిందంటే మన పని అయిపోయినట్టే."

"ఇప్పటిదాకా జరిపింది ఎవరో. నువ్వు పార పెడితే మనం. ఆ వల బాగుచేసుకునే వాళ్ళని పిలిచి అడిగితే ఏం చెబుతారు? శ్యామ్ సుందర్ గారు పాతుతుంటే చూశామని చెబుతారు."

అతనికి ఆ మాట తగిలింది. పార గోడకి ఆనించాడు. కానీ కోపం దించుకోవటానికి చోటు కావాలి. వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న తండ్రి వైపు తిరిగాడు.

రాజారత్నం పెదపారుపూడి రైతు. ఆ ఊరి చర్చిలో సంఘ పెద్ద. వరి కోతలయ్యాక భార్యతో కలిసి కొడుకు దగ్గరికి వచ్చి వారాలు గడిచాయి. ఇసుక మీద నడవటం ఆయనకి ఇంకా అలవాటు కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని తిరుగుతాడు.

"నిన్న మేమంతా ఆరాధనకి బందరు వెళ్ళాం. మీరొక్కరే ఇక్కడున్నారు. ట్రాక్టర్ చప్పుడు వినలేదా నాన్నా?"

రాజారత్నం బైబిల్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ట్రాక్టర్ చప్పుడు ఇక్కడ రోజూ ఉండేదేగా."

అది నిజమే. ఈ తిప్ప మీద ట్రాక్టర్ ఒక్కటే, సలాంది. పడవల్ని ఒడ్డుకి లాగటానికి, లాగినవాటిని మళ్ళీ నీళ్ళలోకి దింపటానికి అది పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది. శ్యామ్‌కి ఇప్పుడు కోపం దించుకునే చోటు దొరికింది.

సలాం భార్య నూర్ బీ టీ కొట్టు సరిగ్గా కాటేజీల దారి మొదట్లో ఉంది. కొత్త బ్లాకు వస్తే కార్లు రావటానికి దారి వెడల్పు చెయ్యాలి. కొట్టు పక్కకి జరపాలి. కంపెనీ వాళ్ళు వచ్చి చూసినప్పుడు ఆ మాట నూర్ బీ ముందే అన్నారు. ఆ రోజు ఆమె వాళ్ళ టీ గ్లాసులు కడగకుండా అలాగే వదిలేసిందని ప్రేమమ్మ చూసి చెప్పింది.

"ఇంకేం కావాలి? ట్రాక్టర్ వాడిది, కోపం వాడిది," అన్నాడు శ్యామ్.

"సలాంని అనకు," అన్నాడు రాజారత్నం.

"ఎందుకు అనకూడదు?"

ఆయన బైబిల్ మళ్ళీ తెరిచాడు. కొడుకు కాసేపు చూసి, విసుక్కుని, కొట్టు వైపు బయల్దేరాడు.

*

శ్యామ్, సలాం ఒకరినొకరు 'బావా' అనుకునేవాళ్ళు. కాటేజీలకి మొదటిసారి తాటాకు కప్పించినప్పుడు తాటాకుల బండి తెచ్చింది సలామే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా వచ్చి కప్పులకి తాళ్ళు బిగించి వెళ్తాడు. జెనిఫర్ ఇవన్నీ తలుచుకుంటూ భర్త వెనకాలే వెళ్ళింది.

"సలాం గారూ," అన్నాడు శ్యామ్.

టీ వడపోస్తున్న నూర్ బీ చెయ్యి ఆగింది. సలాం మాత్రం ట్రాక్టర్ టైరు మీద నుంచి నెమ్మదిగా లేచాడు. ఇన్నేళ్ళలో లేని ఆ 'గారు' విన్నాక ఇంక అడగబోయేదేమిటో అతనికి తెలిసిపోయింది.

"చెప్పండి," అన్నాడు. అతనూ 'బావా' అనలేదు.

శ్యామ్ చాలా అడిగాడు. ఎప్పుడు జరిపావు, ఎవరు చెప్పారు, కొట్టు జరపమన్నందుకు కడుపు మీద కొడతావా, మనిషివేనా. మధ్యలో నూర్ బీ అడ్డం వచ్చి, తమకి కోపం ఉంటే మొహాన చెబుతామనీ, రాళ్ళతో చెప్పించేవాళ్ళం కాదనీ అంది. సలాం ఆమెని కళ్ళతోనే ఆపాడు.

"నువ్వు మాట్లాడకు."

తర్వాత శ్యామ్ వైపు తిరిగాడు.

"ట్రాక్టర్ నాదే. ఆ చక్రాలూ నావే. ఇంక నన్నేం అడక్కండి."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

సలాం చూపు శ్యామ్‌ని దాటి వసారా వైపు వెళ్ళి, మళ్ళీ నేల మీదికి వచ్చింది.

జెనిఫర్‌కి అతని మౌనం నచ్చలేదు. తప్పు చేసినవాడు ఇంతసేపు నిలబడి తిట్లు తినడు. అరుస్తాడు, లేకపోతే కాళ్ళ మీద పడతాడు. సలాం ఆ రెండూ చెయ్యలేదు. చేతికి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. చెయ్యి ఎప్పుడో శుభ్రమైంది, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"సలాం అన్నా, ఎవరి కోసం ఆగుతున్నావు?" అని అడిగింది.

అతను తలెత్తి చూశాడు. ఏదో అనబోయాడు. అదే సమయానికి బందరు రోడ్డు మీంచి తెల్ల కారు తిప్ప మీదికి మలుపు తిరిగింది.

*

ఆఫీసరు పేరు పూర్ణిమ. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. టీ వద్దంది, కొబ్బరి బోండాం కూడా వద్దంది. తన సంచిలోంచి సీసా తీసి రెండు గుక్కలు తాగి, పదండి అంది. పీతల కూర గురించి ప్రేమమ్మ పడ్డ బెంగంతా వృథా.

దాచి లాభం లేదని జెనిఫర్ ముందే నిర్ణయించుకుంది. కారు దిగగానే రాయి జరిగిందని చెప్పేసింది. పూర్ణిమ ఆశ్చర్యపోలేదు. ఎటు జరిగిందని మాత్రం అడిగింది. ఇటు వైపు అని విన్నాక మొదటిసారి జెనిఫర్ మొహంలోకి పరీక్షగా చూసింది.

"మీ మీదికే జరిపారా?"

"అవునండి."

ఒడ్డు వైపు నడుస్తుంటే పూర్ణిమ మామూలు ప్రశ్నలు అడిగింది. ఆరు గదులు సరిపోవటం లేదా, ఇంకో బ్లాకు ఎందుకు అని. ఈ ప్రశ్నకి జవాబు జెనిఫర్ ఎన్నో రాత్రులు మంచం మీద పడుకుని తనకి తానే చెప్పుకుంది. అందుకే తడుముకోలేదు.

"ఆరు గదులతో బతకలేకపోతున్నామండి. వెదురు కొన్నా పన్నే, కూలర్ కొన్నా పన్నే. ఆ పన్నులు మా ఖర్చులోనే పోతాయి, వెనక్కి రావు. అద్దెలో కలుపుదామా అంటే, విజయవాడ నుంచి పామర్రు మీదుగా ఇంత దూరం వచ్చేవాళ్ళు ఆ ధరకి ఇంకెక్కడికైనా పోతామంటారు. రాయితీలున్నాయి, లేవని కాదు. అవి పెద్ద పెట్టుబడి పెట్టినవాళ్ళకి. చిన్నగా ఉంటే రాయితీ రాదు, చిన్నగా ఉన్నామని నిబంధన తగ్గదు. కొత్త బ్లాకు వేస్తే ఆ పెద్దవాళ్ళ వరసలోకి వెళ్తాం. కరెంటు దగ్గర్నుంచి అన్నీ మారతాయి."

"నేను పన్నుల మనిషిని కాదమ్మా. నా పని ఆ గీత వరకే."

"తెలుసండి. మీరడిగారని చెప్పాను."

"పోనీ, గీత లేకుండా ఉంటే బాగుండేదా?"

జెనిఫర్ నడక తగ్గించింది.

"లేదండి. గీత లేకపోతే ఈపాటికి ఇక్కడంతా గోడలే ఉండేవి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు గోడలు లేవనే వస్తున్నారు. పొద్దున్నే లేచి మడ చెట్ల మీద కొంగల్ని చూసి ఫోటోలు తీసుకుంటారు. మా గదులకి అంత ముచ్చటేమీ ఉండదు."

పూర్ణిమ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి జెనిఫర్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం గుంత దాకా కూడా నిలవలేదు.

గుంత దగ్గర శ్యామ్ టేపు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పాత చోటు ఇదేనని, ఇక్కడి నుంచే కొలవాలని, కావాలంటే ఊళ్ళో ఎవరినైనా అడగమని గబగబా చెప్పటం మొదలుపెట్టాడు. పూర్ణిమ టేపు అందుకోలేదు. సంచిలోంచి ట్యాబ్ తీసి, గుంత అంచున నిలబడి, తెర మీద వేలితో ఏదో జరిపింది.

"టేపుతో పని లేదండి. గీత మ్యాపులో ఉంది. పైన శాటిలైట్ నుంచి తీసిన కొలత అది. రాయి జనానికి గుర్తుగా పాతింది, అంతే. మీరు దాన్ని గుడివాడ తీసుకెళ్ళి పాతినా గీత ఇక్కడే ఉంటుంది."

శ్యామ్ చేతిలో టేపు కిందికి వేలాడింది.

"అయితే మా కాటేజీలు?"

"బయటే ఉన్నాయి. కొత్త బ్లాకు కూడా బయటే పడుతుంది."

ఆ మాట కోసం జెనిఫర్ ఏడాదిగా ఎదురు చూస్తోంది. ఇప్పుడు విన్నాక ఆనందం రాలేదు. ఎందుకంటే పూర్ణిమ ఇంకా ట్యాబ్ మూయలేదు.

"కానీ నేను సంతకం పెట్టలేను."

"ఎందుకండి?"

"సర్కారు పాతిన హద్దు రాయి పెకలించటం నేరం. నా కళ్ళతో చూశాను. చూడనట్టు రాయలేను. ఎవరు చేశారో తెలిస్తే వాళ్ళ మీద వేరే కేసు, మీ ఫైలు వేరుగా కదులుతుంది. తెలియకపోతే, రాయి లైసెన్సుదారు నేలలో దొరికిందని రాయాలి. దాని మీద మీ పేరుంటుంది. అది తేలేదాకా కొత్తది ఆగుతుంది, పాతదీ ఆగుతుంది."

"పాతది ఆగితే మేం మూసెయ్యాలి కదండీ."

"అవును," అంది పూర్ణిమ. "నాకూ బాధగానే ఉంది."

*

తర్వాత జరిగింది జెనిఫర్ ఆపగలిగి ఉండేది. ఆపలేదు. ఆ సంగతి ఆమెని చాలాకాలం వదల్లేదు.

శ్యామ్ చక్రాల జాడ చూపించాడు. ట్రాక్టర్ ఎవరిదో చెప్పాడు. కొట్టు సంగతి చెప్పాడు. పొద్దున సలాం అన్న మాటలు, ట్రాక్టర్ నాదే, చక్రాలు నావే అన్నవి, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు. లెక్కల మాస్టారు కదా, అన్నీ వరసలో పెట్టాడు. ఒక పేరు దొరికితే కాటేజీలు నిలబడతాయి. దొరకకపోతే పడిపోతాయి. ఇది తెలిసిన జెనిఫర్ నోరు మెదపలేదు.

అందరూ వసారా దగ్గరికి వచ్చారు. పూర్ణిమ సలాంని పిలిపించి, కూర్చోమని, మర్యాదగానే అడిగింది. అతను కూర్చోలేదు. పొద్దున చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

"ట్రాక్టర్ నడిపింది మీరేనా?"

సలాం చేతిలో గ్రీజు గుడ్డ మడత పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చారా?"

ఆ మడత మళ్ళీ విప్పాడు.

"చూడండి, మీరు ఇలాగే ఉంటే నేను స్టేషన్‌కి చెప్పాల్సి వస్తుంది. అక్కడ ఇలా కూర్చోబెట్టి అడగరు," అంటూ పూర్ణిమ ఫోన్ తీసింది.

సలాం నూర్ బీ వైపు తిరిగి, కొట్టు మూసి ఇంటికి వెళ్ళమన్నాడు. మధ్యాహ్నం రెండు పడవలు తియ్యాలి, పడవల దగ్గరుండే గంగన్నకి ట్రాక్టర్ తాళం ఇవ్వమన్నాడు. స్టేషన్‌కి కాదు, బందరు సంతకి వెళ్తున్నవాడిలా చెప్పాడు. ఆమె కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, జెనిఫర్‌నే చూస్తూ నిలబడింది.

ఆ చూపుకి జెనిఫర్ తల తిప్పుకుంది.

ప్రేమమ్మ వంటింటి గుమ్మంలోంచి వచ్చి భర్త కుర్చీ పక్కన నిలబడింది. చేతికి ఇంకా పసుపు ఉంది. చాలా నెమ్మదిగా అడిగింది. అయినా అందరికీ వినబడింది.

"ఏవండీ. నిన్న మోకాలు నొప్పని ఆరాధనకి రానన్నారు. నలభై ఏళ్ళలో జ్వరం వచ్చినా మానలేదు మీరు. మేం తిరిగొచ్చేసరికి మీ పంచెకి మోకాళ్ళ దాకా ఇసుక. ఉతుకుతూ నేనేం అడగలేదు."

శ్యామ్ నవ్వబోయాడు. "అమ్మా, ఇప్పుడు నాన్న పంచె సంగతి..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. పూర్ణిమ ఫోన్ కిందికి దించింది. జెనిఫర్ మామగారి వైపు చూసింది. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, లేవటానికి ప్రయత్నించి, రెండోసారికి లేచాడు.

"మావయ్యా, మీరు కూర్చోండి," అన్నాడు సలాం. కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు.

"చాల్లే సలాం. నువ్వు మోసింది చాలు."

రాజారత్నం మెట్టు దిగి ఇసుకలోకి వచ్చాడు. పూర్ణిమ ముందు నిలబడ్డాడు.

"రాయి జరిపింది నేనండి. ఒక్కణ్ణే. నిన్న వీళ్ళు కారెక్కగానే వెళ్ళి సలాంని ట్రాక్టర్ అడిగాను. దేనికి అని అడగలేదు వాడు. పెద్దవాడు అడిగాడు, ఇచ్చాడు. ఈ పొద్దున గుంత చూశాక వాడికి అర్థమై ఉంటుంది. నా నోటితో నేనే చెబుతానని చూశాడు. నేను చెప్పలేదు. వాణ్ణి నా కొడుకు అన్ని మాటలంటుంటే కుర్చీలో కూర్చుని విన్నాను.

"మీరు పైనుంచి కొలుస్తారని నాకు తెలీదమ్మా. మాకు తెలిసింది గట్టు. మా పెదపారుపూడిలో ఏటా ఊడ్పులకి ముందు గట్లు చెక్కుతాం. చెక్కేటప్పుడు పక్కవాడి వైపు పార ఒక వేటు ఎక్కువ పడుతుంది. నేనూ వేశాను, నా చేను మీదా వేశారు. పదేళ్ళు తిరిగేసరికి గట్టు జరిగిపోయి ఉంటుంది, పోట్లాట లేకుండా. హద్దంటే చేత్తో జరిగేదే అనుకున్నాను. సముద్రానిదైనా అంతే అనుకున్నాను. రాయి ఎక్కడుంటే టేపు అక్కడ పెడతారనుకున్నాను.

"మా కోడలు దాచుకోవటానికో, ఆక్రమించటానికో చేసింది కాదు ఇది. ఆ పిల్లకి ఏమీ తెలీదు. దాని మీదికే జరిపాను నేను. కొత్త బ్లాకుకి అడ్డం పడితే చాలనుకున్నా. ఉన్న గదులు కూడా పోతాయని నాకు తట్టలేదు. చేను కొలవటం వచ్చు గానీ ఇదంతా కొలవటం రాదు నాకు. పొద్దున అది కంగారుగా వచ్చి చెబుతుంటే అర్థమైంది. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గేసింది.

"ఎందుకు చేశావంటారా? కంపెనీ వాళ్ళ డబ్బుకి తోడు మా వంతు మేం పెట్టాలట. మా వంతుకి బ్యాంకు అప్పు. అప్పుకి పూచీ నా పొలం. భోజనాల దగ్గర కూర్చోబెట్టి జెనిఫర్ అంతా విడమరిచి చెప్పింది. ఎక్కడా అబద్ధం లేదు. లెక్క తప్పయితే తప్పని అనేవాణ్ణి. లెక్క సరిగ్గానే ఉంది, అందుకే కాదనలేకపోయాను. సరేనని తలూపాను. మా తమ్ముడు బంటుమిల్లిలో చేను తవ్వి రొయ్యల చెరువు చేసినప్పుడు వాడి లెక్కా సరిగ్గానే ఉంది. మొదట రాయితీ ఇచ్చారు, తర్వాత ధర పడింది, ఆ తర్వాత నిబంధన మారింది. లెక్క వాడిదే గానీ అందులో అంకెలు వాడి చేతిలో లేవు. ఇప్పుడా నేలలో వరి మొలవదు. ఇవన్నీ ఆ రోజు కంచం ముందు చెప్పొచ్చు. చెబితే ముసలాడు అడ్డం పడ్డాడంటారని, పిల్లలు పైకి రావటం ఇష్టం లేదంటారని భయపడ్డాను. వద్దు అనే ఒక్క మాట అనటం కంటే రాయి జరపటం తేలికనిపించింది నాకు.

"సలాంని వదిలెయ్యండి. నా పేరు రాసుకోండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. శ్యామూ, నువ్వు వాణ్ణి ఏమన్నావో అంతా నాకు తగలాల్సింది. నువ్వు వెళ్ళి క్షమాపణ అడుగు, నేనూ అడుగుతాను.

"ఇక నువ్వు, జెనిఫర్. నీ కాటేజీలు మూతబడితే ఆ పాపం నాదే. దాన్ని తప్పించుకోను. కానీ ఇవాళ ఇంతమంది ముందు ఒక మాట చెబుతున్నాను, ఆ రోజు అన్నం దగ్గర చెప్పాల్సింది. ఆ పొలం ఇవ్వటం నాకిష్టం లేదమ్మా."